నెట్‌వర్కు పరీక్షలలో అణువ్రతము, మహావ్రతము

ఇంజనీరింగు చివరి సంవత్సరములోనో, బి.యస్సీ. కంప్యూటర్సులోనో పిల్లలున్న ఇండ్లలో ఈనాడు తరచుగా వినబడు ప్రశ్న యొకటి కలదు: "అబ్బాయిని సి.సి.ఎన్.ఏ.లో చేర్పించవలెనా, నేరుగా సి.సి.ఎన్.పి.లో చేర్పించవలెనా?" అడుగువారు తల్లిదండ్రులు. జవాబు చెప్పువారు తరచుగా శిక్షణాలయములవారు. హైదరాబాదు అమీర్‌పేటలోనైనను, బెంగుళూరులోనైనను, చెన్నైలోనైనను వారి జవాబు ఒకటే. రెండును కలిపి చేర్చుడు, రుసుము తగ్గించెదము, ఆరుమాసములలో పై పట్టా చేతికి వచ్చును అని. వర్తక కుటుంబములవారమగుటచేత టోకుబేరము అనగానే మనకు నమ్మకము కలుగుట సహజమే. కాని చదువు టోకున కొనదగిన సరకు కాదు. ఈ పరీక్షలలో ఏది దేనికొరకు ఏర్పడినదో, దేనికి ఎంత వ్యయమగునో, ఏది ఎవరికి తగునో తెలిసికొనిన పిమ్మట చేర్పించుట మంచిది. అందులకే యీ వ్యాసము.

మొదట, నెట్‌వర్కు పని యనగానేమి? ఒక కార్యాలయములోని కంప్యూటర్లను, ఫోనులను, కెమెరాలను ఒకదానితో నొకటి కలుపు పెట్టెను స్విచ్చి అందురు. ఆ కార్యాలయమును మరియొక కార్యాలయముతోనో, ఇంటర్నెట్టుతోనో కలుపు పెట్టెను రౌటరు అందురు. సందేశము చిన్న చిన్న పొట్లములుగా విడిపోయి, ప్రతి పొట్లముపైనను పంపినవాని చిరునామా, చేరవలసినవాని చిరునామా వ్రాయబడి ప్రయాణము చేయును. దారిలో ఎదురైన ప్రతి రౌటరును ఆ చిరునామా చూచి, తన పట్టికలో దారి వెదకి, తరువాతి రౌటరునకు అప్పగించును. ఈ పెట్టెలను అమర్చుట, వానికి దారులు నేర్పుట, చెడినప్పుడు ఎక్కడ చెడినదో కనిపెట్టుట నెట్‌వర్కు ఇంజనీరు పని. బ్యాంకు, ఆసుపత్రి, రైల్వే, గిడ్డంగి, పెద్ద నగల దుకాణము, ఇవి అన్నియు ఈ పనివారిపై ఆధారపడి యున్నవి.

ఈ విద్యకు సంబంధించిన యోగ్యతాపత్రములలో మన దేశమున ఎక్కువ ప్రచారము పొందినవి సిస్కో సంస్థవి. ఆ సంస్థ 1984లో అమెరికాలో పుట్టినది. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో పనిచేయుచుండిన లియొనార్డు బోసాక్, శాండీ లెర్నర్ అను దంపతులు దానిని స్థాపించిరి. శాన్‌ఫ్రాన్సిస్కో పేరులోని చివరి అక్షరములే ఆ సంస్థ పేరైనవి. వింత యేమనగా, ఈ పరీక్షల నిచ్చెనకు పైమెట్టు ముందు కట్టబడినది. అత్యున్నతమైన సి.సి.ఐ.ఈ. పరీక్ష 1993లో ప్రారంభమైనది. మొదటి మెట్టయిన సి.సి.ఎన్.ఏ. 1998లో గాని రాలేదు. మొదటి అయిదేండ్లు నిపుణులను పరీక్షించుటయే జరిగినది. నెట్‌వర్కులు ఊరూర వ్యాపించి, నిపుణుల క్రింద పనిచేయు సామాన్యులు వేలసంఖ్యలో కావలసి వచ్చినప్పుడు క్రింది మెట్లు ఏర్పడినవి. సి.సి.ఐ.ఈ. ఉత్తీర్ణులకు ఇచ్చు సంఖ్యలలో మొదటిదైన 1024ను మనుష్యునికి ఇవ్వక పరీక్షాశాలకే ఇచ్చిరి. ఉత్తీర్ణులైనవారి వరుస 1025తో మొదలైనది.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదను. క్రింది పరీక్షలో ఒక విషయము, పై పరీక్షలో వేరొక విషయము ఉండునని చాలామంది అనుకొనుచున్నారు. అట్లుకాదు. మన శ్రావకులకు ఈ తేడా విశదపరచుట సులభము. అహింస, సత్యము, అచౌర్యము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను వ్రతములు శ్రావకునికి అయిదే, మునికిని అయిదే. మునికి ఆరవదియో ఏడవదియో వేరుగా లేదు. ఆ అయిదింటినే గృహస్థుడు తన బ్రతుకునకు తగిన మేర పాటించిన అణువ్రతము. ఏ మినహాయింపును లేక పాటించిన మహావ్రతము. నెట్‌వర్కు పరీక్షలలోను ఇంతే. సి.సి.ఎన్.ఏ.లో వచ్చిన స్విచ్చియే, రౌటరే, దారి నిర్ణయించు పద్ధతియే సి.సి.ఎన్.పి.లోను వచ్చును. పైవాటిలో కొత్త విషయములు కొన్ని చేరుననుట నిజమే గాని, ముఖ్యమైన తేడా మినహాయింపులలో ఉన్నది. క్రింది పరీక్షలో "ఇంతవరకు తెలిసిన చాలు" అని వదలిన ప్రతి మూలయు పై పరీక్షలో తెరచి చూడవలసి వచ్చును. గృహస్థధర్మము అభ్యసింపనివాడు మునిధర్మమున నిలుచుట ఎంత కష్టమో, మొదటి పాఠములు చేతికి రానివాడు పై పాఠములలో నిలుచుట అంత కష్టము.

ఒక ఉదాహరణము నిదానముగా చూతము. రౌటర్లు తమలో తాము దారులు చెప్పుకొను పద్ధతులలో ఓ.ఎస్.పి.ఎఫ్. అనునది ఒకటి. ఇరుగుపొరుగు రౌటర్లు మొదట పలకరించుకొనును. సాధారణముగా ఒక తంతిపై పది సెకనులకొకసారి "నేనున్నాను" అను చిన్న సందేశము పంపుకొనును. నలుబది సెకనులు పలకరింపు వినబడనిచో పొరుగువాడు పోయినాడని తలచును. ఈ పది, ఈ నలుబది ఇరువైపుల ఒకటిగా ఉండవలెను. ఇరువురును ఒకే ప్రాంతసంఖ్యలో ఉండవలెను. చిరునామాల ముసుగు, అనగా మాస్కు, సరిపోవలెను. ఇవి సరిపోయినచో పొరుగుతనము కుదురును. ఇరువురికిని తమ తమ పటములు ఇచ్చిపుచ్చుకొనుట తరువాతి పని. సి.సి.ఎన్.ఏ. అభ్యర్థికి ఇంతవరకు తెలియవలెను, అదియు ఒకే ప్రాంతమున్న చిన్న నెట్‌వర్కులో.

ఇక ఒకనాడు ఇట్లు జరిగినదనుకొందము. రెండు రౌటర్లును పలకరించుకొనుచున్నవి. గడియారములు సరిపోయినవి, ప్రాంతము సరిపోయినది, మాస్కు సరిపోయినది. ఐనను దారులు రావు. పొరుగువారి పట్టిక చూచిన, ఆ పొరుగువాడు "ఎక్స్‌స్టార్టు" అను దశలో నిలచిపోయి యుండును. క్రింది పరీక్షవాడు తనకు తెలిసిన మూడింటిని మరల మరల సరిచూచుకొని, తుదకు రౌటరును ఆపి మరల పెట్టును. ఏమియు మారదు. పై పరీక్షకు చదివినవాడు ఎమ్.టి.యు. చూచును. అనగా ఆ తంతిపై ఒక్కసారిగా పోగల పొట్లపు గరిష్ఠ పరిమాణము. ఒకవైపు 1500, మరియొకవైపు 1400 అని ఉన్నచో, పలకరింపు చిన్న పొట్లమగుటచేత సులభముగా దాటిపోవును. పటములు ఇచ్చిపుచ్చుకొను పొట్లములలో మాత్రము ప్రతివాడును తన పరిమాణము చెప్పుకొనును. తనకంటె పెద్ద పరిమాణము చెప్పినవాని పొట్లమును చిన్నవాడు తీసికొనడు. కనుకనే మాటలు కలిసినవి గాని వియ్యము కుదురలేదు. ఇందులో పెద్ద గణితమేమియు లేదు. కాని మొదటి మూడును ఆలోచింపకుండగనే తెలిసియున్నవానికి మాత్రమే నాలుగవదానివైపు మనస్సు పోవును.

సి.సి.ఎన్.ఏ. పరీక్ష స్వరూపము ఇది. 2020 ఫిబ్రవరి 24న సిస్కోవారు తమ పరీక్షలన్నింటిని మార్చివేసిరి. అంతకుముందు సి.సి.ఎన్.ఏ. పేరున రౌటింగు, భద్రత, ధ్వని మొదలగు పలు శాఖలుండెడివి. అవి పోయి, 200-301 అను సంఖ్యగల ఒకే పరీక్ష ప్రధానమైనది. వ్యవధి 120 నిమిషములు. 2024 ఆగస్టులో పాఠ్యప్రణాళికను కొద్దిగా సవరించిరి. దాని ప్రకారము మూలసూత్రములకు నూటికి 20, స్విచ్చి మొదలగు ప్రవేశభాగమునకు 20, దారుల నిర్ణయమునకు 25, ఐపీ సేవలకు 10, భద్రతకు 15, స్వయంచాలనమునకు 10 వంతులు. ఒక ప్రశ్నకు జవాబిచ్చి ముందుకు పోయిన పిమ్మట వెనుకకు వచ్చుట కుదరదు. ఈ సంగతి తెలియక, కఠినమైనవి చివర చూచుకొందమని అలవాటుపడిన మన పిల్లలు కంగారుపడుదురు.

ఇందులో అందరిని భయపెట్టునది చిరునామాల విభజన. నిజమునకు ఇది మన పెద్దలు గిడ్డంగిని అరలుగా పంచుకొనునట్టి లెక్కయే. ఒక కార్యాలయమునకు 192.168.1.0 అను వరుసలో 256 చిరునామాలున్నవి. లెక్కలవిభాగము, అమ్మకములు, గిడ్డంగి, అతిథులు అని నాలుగు భాగములు చేయవలెను. ఒక్కొక్క భాగమునకు 64 వచ్చును. అందు మొదటిది ఆ భాగము పేరుకు, చివరిది అందరికి కేకవేయుటకు పోగా, యంత్రములకు మిగులునవి 62. మొదటి భాగము 0 నుండి 63, రెండవది 64 నుండి 127, మూడవది 128 నుండి 191, నాలుగవది 192 నుండి 255. ఇపుడు 192.168.1.130 అను యంత్రము ఏ భాగములోనిది? మూడవదానిలోనిది. ఈ జవాబు కాగితము లేకుండ పది సెకనులలో రావలెను. చిన్ననాడు ఎక్కములు వల్లెవేసిన పిల్లలకు ఇది పదునైదు దినముల పని. పరీక్షకంటెను ఉద్యోగములో దీని ఉపయోగము ఎక్కువ. ఒక యంత్రమునకు తప్పు మాస్కు ఇచ్చినచో, ప్రక్క బల్లమీద ఉన్న యంత్రమే పరాయి ఊరిలో ఉన్నట్లు తోచును.

పై మెట్టు సి.సి.ఎన్.పి. ఇందు పలుశాఖలు కలవు. సంస్థల నెట్‌వర్కులకు సంబంధించిన ఎంటర్‌ప్రైజు శాఖను తీసికొందము. రెండు పరీక్షలు వ్రాయవలెను. మొదటిది ఎన్‌కోర్ అను ప్రధానపరీక్ష, సంఖ్య 350-401, వ్యవధి 120 నిమిషములు. రెండవది మనము ఎన్నుకొను ప్రత్యేకపరీక్ష, వ్యవధి 90 నిమిషములు. ఎక్కువమంది ఎన్నుకొనునది ఎనార్సీ, సంఖ్య 300-410. దారుల లోతుపాతులు, వాని లోపపరిష్కారము ఇందులోని విషయము. 2020కి ముందు మూడు పరీక్షలుండెడివి, అంతేగాక చెల్లుబాటులోనున్న సి.సి.ఎన్.ఏ. లేనిదే సి.సి.ఎన్.పి. ఇచ్చెడివారు కారు. 2020 నుండి ఆ నియమము తీసివేసిరి. ఎవరైనను నేరుగా పై పరీక్ష వ్రాయవచ్చును. ఈ సడలింపే నేటి టోకుబేరములన్నింటికి మూలము.

నియమము పోయినంతమాత్రమున అవసరము పోలేదు. ఎనార్సీలో వచ్చు ఒక చిక్కు చెప్పెదను, చదువరులే తీర్పు చెప్పవచ్చును. రెండు కంపెనీలు ఒకటైనవి. ఒకదానిలో ఈ.ఐ.జి.ఆర్.పి. అను పద్ధతి, రెండవదానిలో ఓ.ఎస్.పి.ఎఫ్. నడచుచున్నవి. రెండింటికి నడుమ సరిహద్దున రెండు రౌటర్లు పెట్టి, ఒకవైపు దారులను మరియొకవైపు చెప్పునట్లు అమర్చిరి. ఒకటి చెడినను రెండవది పనిచేయునని రెండు పెట్టిరి. మంచి ఆలోచనయే. రౌటరునకు ఒకే దారి ఇరువురివద్ద వినబడినచో ఎవరిని నమ్మవలెనో నిర్ణయించు అంకె యొకటి ఉండును. తక్కువ అంకెకు ఎక్కువ నమ్మకము. ఈ.ఐ.జి.ఆర్.పి.లోనే పుట్టిన దారికి 90, ఓ.ఎస్.పి.ఎఫ్. దారికి 110, వెలుపలనుండి ఈ.ఐ.జి.ఆర్.పి.లోనికి తెచ్చుకొనిన దారికి 170. ఇపుడు వెలుపలనుండి వచ్చిన ఒక దారిని మొదటి సరిహద్దు రౌటరు ఓ.ఎస్.పి.ఎఫ్.వారికి చెప్పినది. ఆ మాట చుట్టుతిరిగి రెండవ సరిహద్దు రౌటరును చేరినది. దానికి అసలు దారి ఈ.ఐ.జి.ఆర్.పి. ద్వారా ముందే తెలియును, 170 అంకెతో. చుట్టుతిరిగి వచ్చినది 110. కనుక అది దగ్గరి నిజమును విడిచి దూరపు వదంతిని నమ్మినది. అంతటితో ఆగక, ఆ వదంతిని మరల ఈ.ఐ.జి.ఆర్.పి.లోనికే చెప్పినది. పొట్లములు చుట్టుదారిన పోవును. కొన్ని అమరికలలో గుండ్రముగా తిరుగుచునే యుండును. పరిష్కారము, మొదటి రౌటరు దాటించునపుడే ఆ దారిపై ఒక ముద్ర వేయుట. ఆ ముద్రగల దారిని రెండవ రౌటరు తీసికొనకుండునట్లును, తిరిగి చెప్పకుండునట్లును కట్టుదిట్టము చేయుట. మొదటిసారి ఈ కథ వినువానికి కష్టముగానే ఉండును. రౌటరు పట్టిక యనగానేమో, ఆ అంకె ఎక్కడ కనబడునో చేతులతో చూచియుండనివానికి మాత్రము కష్టమే కాదు, అర్థమే కాదు. అట్టివాడు జవాబును బట్టీపట్టును.

అన్నిటికంటె పైదైన సి.సి.ఐ.ఈ. గురించి కొద్దిగా చెప్పిన చాలును. ఎన్‌కోర్ వంటి ప్రధానపరీక్ష ఉత్తీర్ణుడైన పిమ్మట ఎనిమిది గంటల ప్రయోగపరీక్ష ఉండును. తొలినాళ్ళలో ఇది రెండు దినములు జరిగెడిది. 2001 నుండి ఒక దినమునకు తగ్గించిరి. మొదటి మూడు గంటలు రూపకల్పన, తరువాతి అయిదు గంటలు అమర్చుట, నడుపుట, సరిదిద్దుట. మన దేశములో బెంగుళూరులో దీనికి పరీక్షాకేంద్రము కలదు. ఇది ఏండ్లతరబడి ఈ పనిలోనే ఉన్నవారికొరకు ఏర్పడినది. అనుభవములేని బాలుని దీనికి పంపుట కొత్తగా నడక నేర్చినవానిని గిరినారు కొండ ఎక్కించుటవంటిది.

సిస్కో కానివియు కలవు. కాంప్టియా సంస్థవారి నెట్‌వర్క్ ప్లస్ మొదటి మెట్టు పరీక్షయే. ఏ ఒక్క కంపెనీ యంత్రములకు చెందక సామాన్యజ్ఞానమును పరీక్షించును. 90 నిమిషములు, గరిష్ఠముగా 90 ప్రశ్నలు, 900కు 720 వచ్చిన ఉత్తీర్ణత. యంత్రముపై ఆజ్ఞలు వ్రాయించుటలో సి.సి.ఎన్.ఏ. కంటె తేలిక. అమెరికాలో స్థిరపడిన బంధువులు దీనిని సూచించుట కలదు. అచ్చట కొన్ని ప్రభుత్వోద్యోగములకు కాంప్టియా పత్రములు పనికివచ్చును. మన దేశములో ఉద్యోగము చూచుకొనువానికి రెండింటిలో ఒకటే వ్రాయు శక్తి యున్నచో సి.సి.ఎన్.ఏ.యే మేలని నా యభిప్రాయము. జూనిపర్ సంస్థకు సైతము ఇట్టి నిచ్చెన కలదు గాని, ఆ యంత్రములున్నచోట ఉద్యోగము దొరకిన పిమ్మట దాని సంగతి చూచుకొనవచ్చును.

ఇక వ్యయము. సి.సి.ఎన్.ఏ. పరీక్షరుసుము 300 డాలర్లు, అనగా పన్ను గాక పాతికవేల రూపాయలకు పైమాటే. సి.సి.ఎన్.పి.కి ఎన్‌కోర్ 400, ప్రత్యేకపరీక్ష 300, కలిసి 700 డాలర్లు, అరువదివేల దరిదాపు. సి.సి.ఐ.ఈ. ప్రయోగపరీక్ష 1,600 డాలర్లకు తక్కువ కాదు. ఇవి ఒక్కసారి వ్రాయుటకు మాత్రమే. తప్పినచో అయిదు దినములాగి మరల పూర్తి రుసుము చెల్లించి సి.సి.ఎన్.ఏ. వ్రాయవలెను. శిక్షణాలయపు రుసుము దీనికి వేరు. ఇంతటి సొమ్ము పెట్టి తెచ్చుకొనిన పత్రము కలకాలముండునదియు కాదు. సి.సి.ఎన్.ఏ. గాని, సి.సి.ఎన్.పి. గాని, సి.సి.ఐ.ఈ. గాని మూడేండ్లే చెల్లును. ఆలోగా మరియొక పరీక్ష వ్రాసియైనను, గుర్తింపుపొందిన చదువు చదివి అంకములు కూడబెట్టియైనను పునరుద్ధరించుకొనవలెను. ఆ అంకములు సి.సి.ఎన్.ఏ.కు 30, సి.సి.ఎన్.పి.కి 80, సి.సి.ఐ.ఈ.కి 120.

ఇరువదియొక్క యేండ్ల పిల్లవానికి ఉద్యోగము రాకముందే సి.సి.ఎన్.పి. ఇప్పించుటలోని నష్టము ఇందువలన తెలియును. అతనికి మొదటి ఉద్యోగము సాధారణముగా నెట్‌వర్కు పర్యవేక్షణ కేంద్రములో, రాత్రిపాళీలో, ఎర్రదీపము వెలిగినపుడు చీటీ వ్రాసి పైవారికి తెలుపు పని. ఆ పనికి సి.సి.ఎన్.ఏ. చాలును. పై పత్రము చూచి ఉద్యోగమిచ్చువాడు ప్రత్యేకముగా జీతము పెంచడు సరికదా, ముఖాముఖిలో పై ప్రశ్నలు వేయును. ఇందాక చెప్పిన సరిహద్దు రౌటర్ల చిక్కువంటిదే యొకటి తెల్లబోర్డుపై గీసి, "ఇచట ఏమి జరుగును?" అని యడుగును. బట్టీపట్టినవాడు అక్కడ నిలువలేడు. సి.సి.ఎన్.ఏ. మాత్రమే యున్నవానిని ఆ ప్రశ్న అడుగనే అడుగడు. చేతకాని పెద్దపత్రము, చేతనైన చిన్నపత్రముకంటె హీనముగా కనబడుట ఇట్లు జరుగును.

ఇచట ఒక అప్రియమైన విషయము చెప్పక తప్పదు. ఆరుమాసములలో పై పట్టా వచ్చునని వాగ్దానము చేయువారిలో కొందరు ఏమి చేయుచున్నారు? నిజమైన పరీక్షలలోని ప్రశ్నలను దొంగతనముగా రాబట్టి, జవాబులతో అచ్చువేసి అమ్ముచున్నారు. వీనికి వ్యవహారనామము "డంపులు". పరీక్షకు కూర్చుండు ప్రతి అభ్యర్థియు ప్రశ్నలను బయటపెట్టనని ఒడంబడికకు సమ్మతించియే కూర్చుండును. కనుక ఆ ప్రశ్నలు అమ్మకమునకు వచ్చినవన్న ఎవరో ఒకరు మాట తప్పి దొంగిలించియే యుండవలెను. "మేము దొంగిలించలేదు, డబ్బిచ్చి కొనుక్కొన్నాము" అని పిల్లలందురు. తత్త్వార్థసూత్రములో ఉమాస్వాతి (ఉమాస్వామి యనియు అందురు) అచౌర్యాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పియున్నాడు. వానిలో దొంగను ప్రేరేపించుట స్తేనప్రయోగము; దొంగసొత్తును పుచ్చుకొనుట తదాహృతాదానము. కొనువాడుండుటచేతనే దొంగిలించువాడుండును గనుక రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టినారు. ఐదవది ప్రతిరూపకవ్యవహారము, అనగా నకిలీని అసలుగా చెలామణి చేయుట. ఒకనికి బదులు మరియొకడు పరీక్ష వ్రాయుట ఇందులోనికి వచ్చును. మన తాతముత్తాతలు తూనికలలో, నాణెములలో భయపడిన దోషములివి. కంప్యూటరు తెరపై జరిగినంతమాత్రమున పేరు మారదు.

ధర్మము మాట అటుంచి లోకవ్యవహారమే చూచినను, దీనివలన లాభము లేదు. పట్టుబడినచో ఉన్న పత్రములు రద్దుచేయుటకును, ఇకపై పరీక్షలకు రానీయకుండుటకును సిస్కోవారికి ఒడంబడికలోనే హక్కు కలదు. శిక్షణాలయములో చేర్చుటకు ముందు తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న వేసిన చాలును: "అభ్యాసమునకు యంత్రములు ఎన్ని ఉన్నవి? మా పిల్లవాడు వారమునకు ఎన్ని గంటలు వాటిపై పనిచేయును?" ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పక, ఉత్తీర్ణత నూటికి నూరు అని ప్రకటనపత్రము చూపించువారివద్ద నిలువనక్కరలేదు.

అభ్యాసమునకు యంత్రములు కొననక్కరయు లేదు. సిస్కో నెట్‌వర్కింగు అకాడమీవారు ప్యాకెట్ ట్రేసర్ అను సాధనమును ఉచితముగా ఇచ్చుచున్నారు. సాధారణమైన ల్యాప్‌టాపుపై రౌటర్లు, స్విచ్చిలు బొమ్మలుగా పెట్టి, తంతులు కలిపి, ఆజ్ఞలు వ్రాసి చూచుకొనవచ్చును. సి.సి.ఎన్.ఏ.కు ఇది చాలును. సి.సి.ఎన్.పి.కి ఇది చాలదు. రౌటరులో నడచు అసలు సాఫ్ట్‌వేరునే నడిపి చూపు సాధనములు కావలెను. సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ అనునది అట్టిది. అయిదు యంత్రములవరకు పనిచేయు రూపము ఉచితముగా దొరకును. సరిహద్దు రౌటర్ల చిక్కును కట్టి చూచుటకు ఆ అయిదు సరిపోవును. దొంగప్రతులు దింపుకొను అలవాటు ఇచ్చటను వలదు.

చదువు విధానమునకు వేరే గ్రంథము వెదకనక్కరలేదు. స్వాధ్యాయమునకు చెప్పిన అయిదంగములు వాచన, పృచ్ఛన, అనుప్రేక్ష, ఆమ్నాయము, ధర్మోపదేశము. చదువుట, సందేహమడుగుట, లోలోన తర్కించుట, వల్లెవేయుట, ఇతరులకు చెప్పుట. సి.సి.ఎన్.ఏ.లో వాచనకును ఆమ్నాయమునకును పాలు ఎక్కువ. అంకెలు, ఆజ్ఞలు, పొరల పేర్లు నోటికి రావలెను. సి.సి.ఎన్.పి.లో అనుప్రేక్షకు పాలు ఎక్కువ, "ఇది యిట్లేల జరిగినది?" అని ఒక్క చిక్కుపై ఒక సాయంకాలమంతయు గడపవలసి వచ్చును. అయిదవది రెండింటికిని పనికివచ్చును. మాస్కు లెక్కను తమ్మునికో చెల్లెలికో చెప్పి ఒప్పించగలిగిననాడు పరీక్షకు రుసుము కట్టవచ్చును.

ఎవరికి ఏది అను ప్రశ్నకు నా జవాబు ఇట్లుండును. కళాశాలలో ఉన్నవారికిని, వేరే చదువు చదివి ఈ వైపు రాదలచిన బి.కాం. పట్టభద్రులకును సి.సి.ఎన్.ఏ. ఒక్కటే. రోజునకు రెండు గంటలు కేటాయించినచో అయిదారు మాసములు పట్టును. ఆడపిల్లలకు ఇది తగదను మాట కొన్ని ఇండ్లలో వినుచున్నాము. రాత్రిపాళీ ఒక్కటి తప్ప ఇందులో వారు చేయలేని పని లేదు అనువారున్నారు. ఆ రాత్రిపాళీని ఆసుపత్రులలో మన ఆడపిల్లలు తరములనుండి చేయుచునే యున్నారు. ఏడెనిమిదేండ్లుగా రౌటర్లతో పనిచేయుచు ఏ పత్రమును లేనివారికి మాత్రము సి.సి.ఎన్.ఏ. వ్రాయుట సొమ్ము దండుగ. 2020లో తీసివేసిన నియమమువలన నిజముగా మేలు పొందినవారు వీరే. వీరు నేరుగా ఎన్‌కోర్‌కు కూర్చుండవచ్చును. ఐనను సి.సి.ఎన్.ఏ. పుస్తకమును ఒకసారి మొదటినుండి తిరుగవేయుట మంచిది. చేతితో చేయుచున్న పనికి పేరు తెలియక పరీక్షలో తడబడువారు వీరిలోనే ఎక్కువ.

కుటుంబ దుకాణములో కూర్చుండబోవు పిల్లవానికి ఏ పరీక్షయు అక్కరలేదు. నాలుగు శాఖలున్న దుకాణమునకు కెమెరాలు, బిల్లుయంత్రములు కలుపుటకు సి.సి.ఎన్.ఏ. పాఠములు చదివి ప్యాకెట్ ట్రేసర్‌లో చేసి చూచుకొనిన చాలును. పాతికవేలు మిగులును.

మొదటి పరీక్ష గడచి ఉద్యోగములో చేరినవారు చేయవలసిన లెక్క యొకటి మిగిలినది. సి.సి.ఎన్.ఏ. వచ్చిన తేదీనుండి మూడేండ్లు. అందు మొదటి రెండేండ్లు పై పరీక్ష మాట తలపెట్టక, పనిలో ఎదురైన ప్రతి లోపమును, దాని కారణమును ఒక పుస్తకములో వ్రాసికొనుచు పోవలెను. మూడవ యేట ఎన్‌కోర్‌కు కూర్చుండవలెను. ఎన్‌కోర్ ఉత్తీర్ణులైనచో క్రిందనున్న సి.సి.ఎన్.ఏ. కూడ దానంతట అది మరల మూడేండ్లకు పునరుద్ధరింపబడును. దానికి వేరుగా రుసుము కట్టనక్కరలేదు. తరువాత ప్రత్యేకపరీక్షయు గడచిన సి.సి.ఎన్.పి. చేతికి వచ్చును. ఆ రుసుము నాటికి తల్లిదండ్రులు కాక, పిల్లవాడే తన జీతములోనుండి కట్టుకొనగలుగును. ఉద్యోగమిచ్చిన కంపెనీయే కట్టుటయు కొన్నిచోట్ల కలదు. గడువు తేదీ మాత్రము క్యాలెండరులో గుర్తుపెట్టుకొనవలెను. ఒక్కదినము దాటినను పత్రము చెల్లకపోవును, మరల మొదటినుండి వ్రాయవలెను.